ఒకటి తర్వాత ఆరో పేజీ

జూన్ 9

తమ్ముడికి,

అక్క దీవెనలు. మరదలి ఆపరేషన్ తేదీ ఖాయమైందా? ఫోన్‌లో అడుగుదామంటే నువ్వు దేనికైనా "ఆఁ ఆఁ" అంటావు. పోయిన వారం మీ బావకి జ్వరమని చెబితే "చాలా సంతోషం అక్కా" అన్నావు. ఆయన ఇంకా గుర్తు పెట్టుకునే ఉన్నాడు. నలభై ఏళ్లు అచ్చు మిషన్ల మోత విన్న చెవులు, వాటిని అని లాభం లేదు. మనకి ఉత్తరాలే దిక్కు.

నిన్న మా లైబ్రరీలో ఒక తతంగం జరిగింది. 'ఇంటింటా పుస్తకం' అట. పిల్లలు ఇంట్లో చదువుకోవాలని ఇంటికొక సంచి ఉచితంగా ఇస్తారు. అందులో మూడు కథల పుస్తకాలు, 'ఆడుతూ చదువుదాం' అని ఒక ఆటల పుస్తకం, తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చీటీ. ఇరవై ఆరేళ్లుగా పిల్లల విభాగం చూస్తున్నదాన్ని, ఇలాంటిది వస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసు. వచ్చింది. ఎలా వచ్చిందో చదువు.

దీనికొక అధికారి ఉన్నాడు. ఎవరేం చెప్పినా నవ్వుతాడు, అందుకని మా వాళ్లు నవ్వుల సారు అంటారు. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి గంటంబావు మాట్లాడాడు. ఆ గంటంబావులో ఒక్క కథ పేరు కూడా చెప్పలేదు. తర్వాత సంచులు పంచారు. పుస్తకం తెరిచిన పిల్లల వేళ్లన్నీ నల్లబడ్డాయి. ఒకటే కిరసనాయిలు కంపు. ఫోటో తీసేవాడు తడిగుడ్డతో పిల్లల చేతులు తుడిపించి, పుస్తకాలు మూయించి, అట్టలు ముందుకి పెట్టించాడు. ఒక పాప తలకిందులుగా పట్టుకుంది. సరిచేయబోతే, ఉండనివ్వండి మేడమ్, రంగులు కనబడితే చాలు అన్నాడు.

ఆటల పుస్తకంలో ఎలుగుబంటి ముఖం ఉంది, కత్తిరించి కట్టుకోవాలట. ముఖం వెనకవైపు కథ ఆఖరు పేజీ ఉంది. ఆడుకుంటే చదవడానికి ఉండదు, చదువుకుంటే ఆడడానికి ఉండదు. దీన్ని కూర్చినవాడికి పిల్లలంటే ఏమిటో తెలియదు, పుస్తకమంటే అసలే తెలియదు. చివరి అట్ట మీద ప్రెస్సు పేరు లేదు, గుత్తకి తీసుకున్న సంస్థ పేరొక్కటే ఉంది. పేరు వేసుకోవడానికి ఆ అచ్చువాడికే సిగ్గేసి ఉంటుంది.

ఇంత రాస్తున్నానా, ఎనిమిది వందల సంచుల మీద లైబ్రరీ ముద్ర కొట్టింది నేనే. ఒక్కటీ విప్పి చూడకుండా కొట్టాను. పైనుంచి వచ్చిందంటే బాగానే ఉంటుందనుకున్నాను.

మరదలి సంగతి వెంటనే రాయి.

మీ అక్క


జూన్ 21

అక్కయ్యకి,

నమస్కారం. ఆపరేషన్ వచ్చే నెల మొదటి వారంలో అన్నారు. తను ధైర్యంగానే ఉంది, నాకే నిద్ర పట్టడం లేదు. బావకి జ్వరం తగ్గిందని తెలిసి ఈసారి నిజంగానే సంతోషించానని చెప్పు.

ప్రెస్సు సంగతి అడగవు గానీ నేనే చెబుతాను. పెళ్లి కార్డులు ఫోన్‌లోకి వెళ్లిపోయాయి, బిల్లు పుస్తకాలు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాయి. మిషన్‌కి దుమ్ము పట్టకుండా తుడవడమే ఒక పనైపోయింది. ఏ పనొచ్చినా కాదనే స్థితిలో లేను. మొన్న మార్చిలో మాత్రం చేతినిండా పని దొరికింది, అదొక తృప్తి.

నీ పుస్తకాల గురించి చదివాను. నువ్వు ప్రతిదాన్నీ భూతద్దంలో చూస్తావు అక్కా. ఆ అచ్చువాడికి గడువు ఎంత ఇచ్చారో, కాగితం ఎలాంటిది ఇచ్చారో మనకేం తెలుసు? ఊరికే ఇచ్చేవాటిని కొనుక్కున్నవాటిలా చూడకూడదు. సంచి చూసి పిల్లలు సంతోషపడ్డారా లేదా, అది చూడు. మరీ మనసుకి పట్టించుకోకు, నీకసలే బీపీ ఉంది.

ఉంటాను.

తమ్ముడు


జూలై 7

తమ్ముడికి,

ఆపరేషన్ బాగా జరిగిందని మీ అమ్మాయి ఫోన్ చేసింది. గుండె మీద బరువు దిగింది. నేను రాలేకపోయాను, మరదలు ఏమీ అనుకోవద్దని చెప్పు. మమ్మల్ని ఇళ్ల మీదకి తోలుతున్నారు, సెలవు దొరకలేదు. పిల్లలు ఇంట్లో చదువుతున్నారో లేదో చూసి లెక్క రాసుకు రమ్మన్నారు.

పిల్లలు సంతోషపడ్డారా అని అడిగావు కదా, చెబుతాను విను.

లైబ్రరీ వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు పక్కన మెట్లున్నాయి. పైకెక్కితే ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషన్, గోడవారన గుడ్డలు కత్తిరించే బల్ల. మిషన్ కుట్టే ఆవిడ, ఆవిడ కూతురు ఉంటారు. పిల్లకి తొమ్మిదేళ్లు. బీరువా పైకెక్కి గుడ్డ చుట్టల మీద కూర్చుంటుందని అందరూ ఉడత అంటారు. తల్లికి చదువు రాదు. అయినా ఆ తల్లి చేసినపని మా ఆటల పుస్తకం రాసినవాళ్లకి తట్టలేదు. పిల్ల ఒక పేజీ పైకి చదివితే ఒక గుండీ ఇస్తుంది. పిల్ల వాటిని దారానికి గుచ్చుకుంటుంది. తల్లి మిషన్ ఆపి వింటుందట, ఆఖర్న కథ మొత్తం మళ్లీ చెప్పించుకుంటుందట. చూడు, ఎవరూ నేర్పకుండానే.

నేను వెళ్లేసరికి ఆ గుండీల దండ లేదు. పుస్తకం మిషన్ కింద చెత్త గుడ్డల్లో ఉంది. ఏమైందని అడిగితే తల్లి ఒకటే అంది. "దీనికి చదవడం రాదండీ. నాకు రాదు కదా అని నోటికొచ్చింది చెప్తోంది."

ఆ పుస్తకం గంట పోగొట్టుకున్న మేకపిల్ల కథ. పిల్ల చెప్పిన కథేమిటంటే, మేకపిల్ల గంట కట్టుకుని బయల్దేరింది. నీ గంట నేను చూశానని కాకి చెప్పింది. తర్వాత కప్పని అడిగింది. ఆ తర్వాత గంట వాగులో పడిపోయింది. చెట్టెక్కింది, గంటని కాకిపిల్లకి ఇచ్చేసింది, ఇచ్చేశాక గూట్లో దొరికింది, గంట లేకుండా ఇంటికొచ్చింది. ఇచ్చేశాక దొరకడమేమిటే అని తల్లి మొట్టికాయ వేసి, దొంగ చదువు చదివావని ఇచ్చిన గుండీలన్నీ వెనక్కి తీసేసుకుంది. పిల్ల ఎదురుచెప్పలేదు. మూడుసార్లు మళ్లీ చదివిందట. మూడుసార్లూ అలాగే వచ్చిందట. నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి చెవిలో అడిగింది, చదవడం రావడం అంటే ఎలా ఉంటుందండీ అని.

అప్పుడు పిన్నులు పీకి, పేజీలు బల్ల మీద పరిచి, కథ కలిసేలా వరస పెట్టి చూశాను. అచ్చు తప్పు. ఒకటో పేజీ తర్వాత ఆరు, ఏడు. ఆపైన నాలుగు, ఐదు. ఆపైన రెండు, మూడు. రెండో సగమూ అంతే. పేజీ అంకెలుంటే ఎవరైనా కనిపెట్టేవారు. అడుగు అంచు ఎంత లోపలికి కోశారంటే ఒక్క అంకె లేదు. లైబ్రరీకి వచ్చి చూశాను, ఆ కథ పుస్తకాలన్నీ అంతే. సంచి అందిన ఇళ్లన్నిటిలో ఎన్ని వందల మంది పిల్లలు తమకే బుర్ర లేదనుకుంటున్నారో.

ఆ రాత్రే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. 

ఒక ప్రతి ఈ ఉత్తరంతోపాటు పార్సిల్ చేస్తున్నాను. నువ్వు పనిమంతుడివి. ఇది ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది, రాసి పంపు. ఫిర్యాదుతో జతచేస్తాను.

మీ అక్క


జూలై 24

తమ్ముడికి,

పదిహేడు రోజులైంది. పార్సిల్ అందినట్టు పోస్టాఫీసు వాళ్ల రసీదు వచ్చింది, నీ నుంచి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆపరేషన్‌కి రాలేదని కోపమా? రాకపోవడం తప్పే. మీ అమ్మాయికి ఫోన్ చేస్తే, నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు, ప్రెస్సులోనే కూర్చుంటున్నాడు అంది. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. మంచం మీదున్న మనిషి ముందు మొహం ముడుచుకుని తిరగకు.

ఇక్కడ వ్యవహారం ముదిరింది. మిగిలిన సంచులు కింద గదిలో ఉన్నాయి. వాటికి పురుగు పట్టింది. అట్ట అతికించినచోట జిగురంతా తినేసి, వీపు ఊడదీస్తే తెల్లగా లుకలుకలాడుతున్నాయి. ముట్టుకున్న చేయి సబ్బుతో కడిగినా నాకు తృప్తి లేదు. వాటిలోంచి నలభై సంచులు దులిపి మరో బడికి పంపేయమని నవ్వుల సారు అన్నాడు. పురుగు దులిపితే పోతుంది కదా మేడమ్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. విచారణ వేశారు. కింద గది తాళాలు చూసే ఆయన, మేం తాళాలాయన అంటాం, రిటైర్మెంట్‌కి ఏడాది ఉంది. వచ్చినరోజే ఈ సంచులు పుల్లటి కంపు కొట్టాయండీ అని ఆయన చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. బయటి అచ్చు నిపుణుడి అభిప్రాయం కావాలట. నీ పేరు ఇచ్చాను. నా తమ్ముడివని కూడా చెప్పాను. నిజాయితీపరుడని చెప్పాను.

కోపం తర్వాత తీర్చుకుందువు గాని, ముందు నాలుగు ముక్కలు రాయి.

అక్క


జూలై 31

అక్కయ్యకి,

నమస్కారం. కోపమేమీ లేదు. ఒంట్లో బాగాలేదు, అంతే. అభిప్రాయం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతున్నాను. క్లుప్తంగా ఇక్కడా చెబుతాను.

చెమ్మ ఉన్న గదిలో పెడితే ఇంకు ఆరదు, చేతికి అంటుతుంది. జిగురుకి పురుగు పట్టడానికి కూడా చెమ్మే కారణం. కాగితం, అచ్చు సాధారణ ప్రమాణంలోనే ఉన్నాయి. పేజీలు తారుమారు కావడం కొన్ని ప్రతుల్లో ఏ ప్రెస్సులోనైనా జరిగేదే, దాన్ని పెద్ద దోషంగా చూడనక్కర్లేదు.

ఆ పిల్లకి సరైన పుస్తకం ఏదైనా నువ్వే కొనిపెట్టు. ఇంతకంటే లాగకు అక్కా. నీకు వచ్చేదేమీ లేదు.

తమ్ముడు


ఆగస్టు 14

తమ్ముడికి,

నీ కాగితం అందింది. నీ మాట మీద నమ్మకంతో చదవకుండానే దాఖలు చేశాను. తర్వాత చదివితే ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. కొన్ని ప్రతులు అని ఎందుకు రాశావు? అన్నీ అని నేను రాశాను కదా. హడావిడిలో చూసుకోలేదేమో అనుకున్నాను.

నవ్వుల సారుకి నీ కాగితం తెగ నచ్చింది. మీ తమ్ముడు చాలా సమతూకంగా రాశారండీ అన్నాడు. దాని ఆధారంగా తప్పంతా కింద గదిదని తేల్చారు. తాళాలాయన్ని సస్పెండ్ చేశారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి, "మేడమ్, గదిలో చెమ్మ లేదు, మీకూ తెలుసు" అన్నాడు. నాకు తెలుసు. ఆ గదిలో నా చిన్నప్పటి పుస్తకాలున్నాయి, పేజీ మాసిపోలేదు. కానీ కాగితం నీ కాగితం, సంతకం నీ సంతకం. గుత్తి తీసి సొరుగులో పెట్టాను.

ఇంకో ముచ్చట. పిల్లల్లో నూటికి తొంభైమంది ఇంట్లో చదువుతున్నారని నివేదిక పంపారు. ఎలాగంటే, సంతకం పెట్టి తిరిగొచ్చిన చీటీలు లెక్కేశారు. చీటీ ఇవ్వకపోతే సంచి వెనక్కి ఇవ్వాలన్నారు కాబట్టి అందరూ పెట్టారు. ఉడత తల్లి వేలిముద్ర వేసింది. పిల్ల ఇంట్లో చదువుతోందని నిర్ధారిస్తూ కింద నేను సంతకం చేశాను. అవును, చేశాను. నన్ను చూస్తే నాకే రోతగా ఉంది.

ఉడత లైబ్రరీకి రావడం మానేసింది. రెండుసార్లు వెళ్లాను. తప్పు పుస్తకానిదని చెప్పాను. నేనూ లైబ్రరీ మనిషినే కదా, ఊరడించడానికి చెబుతున్నానని తల్లి అనుకుంది. అచ్చు వేసిన పుస్తకం తప్పవుతుందా అండీ అని అడిగింది. పిల్ల బీరువా పైనుంచి దిగలేదు.

నువ్వు ఇంకోసారి రాస్తావా? అన్ని ప్రతులూ తప్పేనని?

అక్క


ఆగస్టు 22

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. ఉన్నదున్నట్టు రాసేస్తాను.

ఆ పుస్తకాలు అచ్చు వేసింది నేనే.

మార్చిలో దొరికిన పని అదే. ఆ సంస్థ వాళ్లు నా దగ్గరికి తెచ్చారు, ప్రెస్సు పేరు వేయొద్దన్నారు. ఎక్కడికి వెళతాయో అడగలేదు. నీ మొదటి ఉత్తరంలో సంచి వివరాలు చదవగానే తెలిసింది. పార్సిల్ విప్పాల్సిన పని కూడా లేకపోయింది. అది ఇప్పటికీ విప్పలేదు.

ఏం జరిగిందో చెబుతాను. ఆ మేకపిల్ల పుస్తకం పదహారు పేజీలది, ఒకే షీటు. ఒక వైపు ఎనిమిది పేజీలు, తిప్పి రెండో వైపు ఎనిమిది. రెండో వైపు వేసేటప్పుడు కాగితాల దొంతర తల అటుది ఇటు పెట్టాను. నేనే పెట్టాను, ఇంకెవరూ కాదు. మొత్తం అయిపోయాక, మా దగ్గర షీట్లు మడిచే ఆవిడ ఒకటి మడిచి తెచ్చి చూపించింది. "అయ్యా, కథ కలవడం లేదు" అంది. ఆవిడ ఐదో తరగతి చదివింది. మడిచే ప్రతి పుస్తకమూ చదువుతుంది.

చూశాను. తప్పు కనబడింది. మళ్లీ వేయాలంటే కాగితం లేదు, రెండు రోజుల్లో లారీ వస్తుంది. అప్పుడు నేనన్న మాట రాయడానికి చేయి రావడం లేదు గానీ రాస్తాను. "ఊరికే పంచే పుస్తకం, ఎవరు చదువుతారులే" అన్నాను. అంకెలు కనబడితే తప్పు దొరుకుతుంది కాబట్టి అడుగు అంచు లోపలికి కోయించాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, కత్తెర మిషన్ దగ్గరికి వెళ్లింది. ఆ నెలాఖరుకి పని మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

జిగురు కూడా అంతే. మైదా జిగురులో మైలతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది. నిన్నటి పులిసిన జిగురే వాడేశాను. మీ గదిలో చెమ్మ ఉందో లేదో నాకు తెలియదు. నేనా గది ఎప్పుడూ చూడలేదు. ఒక మనిషి ఉద్యోగం మీద చూడని గది గురించి సంతకం పెట్టాను.

నీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాను. ఆపరేషన్ అయ్యాక అనుకున్నాను. తర్వాత, తను కోలుకున్నాక అనుకున్నాను. అవన్నీ సాకులు. నిజాయితీపరుడని నువ్వు రాశాక, ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టంలేక అబద్ధం రాశాను. తొమ్మిదేళ్ల పిల్ల మూడుసార్లు చదివిందన్నావు. అదొక్కటీ తలలోంచి పోవడం లేదు.

మీ మరదలికి నిన్న చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది. 

తమ్ముడు


ఆగస్టు 30

నీ ఉత్తరం అందింది.

మొదట మీ బావ చదివి, కళ్లజోడు తీసి, బయటికి వెళ్లి నిలబడ్డాడు. తర్వాత నేను చదివాను. తప్పు చేశావని కాదు నాకు రోత. దొంతర తిరగబడటం ఎవరికైనా జరుగుతుంది. అంచు కోయించావు చూడు, అది. తప్పు దాచడానికి అంకెలు కోసేసి, ఆ తప్పు పిల్లల నెత్తిన వేశావు. ఎవరు చదువుతారులే అన్నావు. ఎవరు చదివారో నేను చూశాను. గుండీకో పేజీ చొప్పున చదివారు. ఇరవై ఆరేళ్లుగా పుస్తకాలు తుడుచుకుంటూ నేను ఎదురుచూసిన పిల్ల అది.

నిన్ను చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవడం నేర్పాను. ఇది ఎత్తిపొడుపుగా రాయడం లేదు, గుర్తొచ్చి ఏడుపొచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం నా దగ్గర దాచుకుంటానని అనుకున్నావేమో. సోమవారం పొద్దున్నే నవ్వుల సారు బల్ల మీద పెట్టాను. చదివాడు. ఇది మీ ఇంటి విషయం కదా మేడమ్, బయట పెట్టుకుంటే మీకే నామోషీ అని మడిచి వెనక్కిచ్చాడు. పుస్తకాలు పంచడం అయిపోయింది, నివేదిక వెళ్లిపోయింది, పైవాళ్లు మెచ్చుకున్నారు, వచ్చే ఏడాదికి కూడా మంజూరైందట. అదే సంస్థకి. అప్పుడు కూడా నవ్వాడు. నిజం చెప్పనా, ఆ నవ్వులోనూ నీ మాటే కనబడింది. ఎవరు చదువుతారులే.

నేను కింద ఆఫీసుకి వెళ్లి, నీ ఉత్తరానికీ, నా తప్పుడు సంతకం గురించి నేను రాసిన కాగితానికీ ఇన్‌వర్డ్‌లో నంబర్లు వేయించాను. నంబరు పడ్డ కాగితాన్ని మింగడం కష్టం. నకళ్లు పైఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నన్నేం చేస్తారో చేయనీ. తాళాలాయన ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే విని, సరేనండి అని తలుపేసుకున్నాడు.

ఉడతకి కూడా చెప్పాను, నీ పేరు చెప్పకుండా. తప్పు అచ్చు వేసినాయనదని ఆయనే ఒప్పుకున్నాడమ్మా అన్నాను. బీరువా పైనుంచి తొంగి చూసి, "మరి అమ్మకి ఆయన చెప్తాడా?" అని అడిగింది.

సమాధానం నువ్వే ఇవ్వాలి. నేను తోడు రాను. మా ఇంటికి భోజనానికి కూడా రావొద్దు, ఇప్పుడప్పుడే నీ ఎదురుగా కూర్చుని తినలేను. మరదల్ని జాగ్రత్తగా చూసుకో. ఆవిడ తప్పేం లేదు.

అక్క


సెప్టెంబరు 17

అక్కయ్యకి,

ముందు ఆఫీసు సంగతి. పైఆఫీసు నుంచి వచ్చినాయన ముందు వాంగ్మూలం ఇచ్చి సంతకం పెట్టాను. తాళాలాయన్ని మళ్లీ తీసుకుంటామన్నారు. మెట్ల మీద ఆయన ఎదురుపడ్డాడు. నమస్కారం పెట్టాను. చూడనట్టు పక్కనుంచి దిగిపోయాడు. ఆ సంస్థ వాళ్లు ఇక నాకు పని ఇవ్వరు. చుట్టుపక్కల ప్రెస్సులకి కూడా కబురు పెట్టారట. నవ్వుల సారు కారిడార్‌లో నా భుజం తట్టి, ఇంత దూరం రావాల్సింది కాదండీ అన్నాడు. భుజం కడుక్కోవాలనిపించింది. ఆయన మాట్లాడినంతసేపూ నా గొంతే విన్నట్టుంది.

మేకపిల్ల పుస్తకం ఎనిమిది వందలూ మళ్లీ అచ్చు వేశాను. మంచి కాగితం, మా ప్రెస్సు పేరుతో. షీట్లు మడిచే ఆవిడ ఇంటికి వెళ్లి బతిమాలాను. ఆవిడ వచ్చింది. మొదటి ప్రతి మడిచి, మొత్తం చదివి, కలిసిందండీ అంది. తర్వాత రెండో షీటు అందుకుంది. మీ మరదలు మంచం మీదే కూర్చుని పిన్నులు సరిచూసింది.  కట్టలన్నీ మీ లైబ్రరీ వరండాలో దింపాను. తీసుకుంటారో, తిప్పి పంపుతారో నీ ఇష్టం.

తర్వాత ఇస్త్రీ కొట్టు పక్క మెట్లెక్కాను.

ఆవిడ మిషన్ మీద ఉంది. పిల్ల బీరువా మీద ఉంది. ఎవరు కావాలని ఆవిడ అడిగింది. నాకు వినపడక మళ్లీ అడిగించాను. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "అమ్మా, ఆ పుస్తకం అచ్చు వేసింది నేను. తప్పు నాది. మీ అమ్మాయి ఉన్నది ఉన్నట్టే చదివింది" అన్నాను.

ఆవిడ మిషన్ ఆపింది.  కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ కాదు. చక్రం మీద చేయి పెట్టి, నా చెవికి అందేలా గట్టిగా అంది. "నాకు చదువు రాదు కాబట్టి నేను దాన్ని కొట్టాను. నీకు వచ్చు కదా."

సంచిలోంచి కొత్త ప్రతి బయటికి తీశాను. 

ఆవిడ లేచి బీరువా దగ్గరికి వెళ్లింది. పిల్లకి చేయి అందించి, కిందకి రమ్మంది. పిల్ల తల్లి చేయి పట్టుకోకుండా తనే దిగింది. తల్లి ఆ చేయిని అలాగే కాసేపు ఉంచి, చీర కొంగుకి తుడుచుకుంది. పిల్లకి కొత్త ప్రతి ఇచ్చాను. వెంటనే తెరవలేదు. ముందు వాసన చూసింది. వేలితో అట్ట రుద్ది, వేలు చూసుకుంది. తర్వాత బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో పేజీ తిప్పుతూ, బొమ్మలు చూడకుండా, కింద మూల అంకెల మీద వేలు పెట్టుకుంటూ వెళ్లింది. ఒకటి, రెండు, మూడు. పెదవులు కదులుతున్నాయి. పదహారు దాకా వెళ్లి, నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఏ తొమ్మిదేళ్ల పిల్లా పుస్తకాన్ని అలా తెరవకూడదు. అలా తెరవడం దానికి నేను నేర్పాను.

ఒకసారి చదివి వినిపిస్తావా అమ్మా అని అడగబోయాను. అడిగే హక్కు లేదని ఆగాను. పిల్లే నా మొహం చూసి గ్రహించినట్టుంది. పుస్తకం మూసి గుండెకి ఆనించుకుని, నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

"మీరు వెళ్లాక చదువుతాను."

మెట్లు దిగి, ఇస్త్రీ కొట్టు పక్కన కాసేపు నిలబడ్డాను. పైన మిషన్ చప్పుడు మళ్లీ మొదలవుతుందేమో, పిల్ల కథ వినడానికి ఆగే ఉంటుందేమో వినాలని. నా చెవులకి ఏమీ వినపడలేదు.

నీ తమ్ముడు